సముద్రం లేదని ధ్రువీకరించడమైనది

తీర సంస్కృతీ వికాస సంస్థలో సూపరింటెండెంటు నరహరి రాసే నోటుకి పెద్ద పేరుంది. ఆయన రాసిన ఫైలు ఏ శాఖకి వెళ్ళినా సంతకంతోనే తిరిగొస్తుందని చెప్పుకుంటారు. ఆ సంస్థ నుంచి విదేశాలు చూసొచ్చిన అధికారులందరూ ఆయన కలం మీదుగా వెళ్ళినవాళ్ళే. ఒకాయన సింగపూర్ వెళ్ళి దుకాణాలన్నీ తిరిగొస్తే, నరహరి దానికి ‘పాదచారుల సౌకర్యాల పరిశీలన’ అని పేరుపెట్టాడు. ఇంకొకాయన పెళ్ళి రోజుకి మారిషస్ వెళ్తే ‘ద్వీపాలలో సామాజిక బంధాల అధ్యయనం’ అన్నాడు. వెళ్ళొచ్చిన ప్రతివాళ్ళూ ఆయన బల్ల మీద ఒక చాక్లెట్ల డబ్బా పెట్టేవారు. నరహరి చూసిన విదేశాలన్నీ ఆ డబ్బాల మీది బొమ్మల్లోవే. ఈమధ్య షుగర్ రావడంతో చాక్లెట్లు కూడా పక్కింటి పిల్లలకి పోతున్నాయి.

అలాంటి నరహరిని కొత్త మేనేజింగ్ డైరెక్టరు హరగోపాల్ గారు గదిలోకి పిలిచి, ఎదురుగా కూర్చోబెట్టుకుని, “ఈసారి మీరు కూడా రావాలి” అన్నారు.

నరహరి వెనక్కి తిరిగి చూశాడు, ఎవరితోనో అన్నారేమోనని.

“మీతోనే అంటున్నాను. గ్రీసు దేశం. తీర వారసత్వ అధ్యయన యాత్ర. ఫైలు పాసు చేయించండి, బృందంలో మీ పేరు ఉంటుంది” అని హరగోపాల్ గారు ఒక రంగుల పుస్తకం ఆయన ముందుకి తోశారు. నీలం రంగు నీళ్ళు, కొండ మీద సున్నం వేసిన తెల్లటి ఇళ్ళు, ఆ కొండ అంచునే ఈతకొలను. “ఇదంతా సంస్కృతే నరహరి గారూ. మనవాళ్ళకి చూసే కళ్ళు లేవు గానీ.”

ఆ సాయంత్రం నరహరి ఇంటికెళ్ళి చెబితే భార్య సుభాషిణి నమ్మలేదు. నమ్మాక ఊరుకోలేదు. అపార్ట్‌మెంటులో మూడంతస్తులకీ చెప్పింది, కింద కూరలమ్మే మనిషికి కూడా చెప్పింది. “నన్ను తీసుకెళ్ళకపోయినా పర్లేదండీ. అక్కడ నిలబడి ఒక ఫొటో దిగండి. ఇంతకాలం అందర్నీ సాగనంపారు, ఒక్కసారి మీరూ వెళ్ళండి” అంది. నరహరికి కళ్ళు చెమర్చాయి. నిజం చెప్పాలంటే ఆయనకి గ్రీసు మీద కంటే, వెళ్ళొచ్చినవాడు అనిపించుకోవడం మీద ఆశ ఎక్కువ.

మర్నాటి నుంచీ నోటు మొదలైంది. ఎం.డి. గారు కోరికలు చెబుతుంటే నరహరి వాటిని ప్రభుత్వ భాషలోకి మార్చుకుంటూ పోయాడు. కొండ అంచున ఐదు నక్షత్రాల హోటలు ‘ఏటవాలు భూభాగాలలో ఆతిథ్య నిర్వహణ’ అయింది. సూర్యాస్తమయం వేళ ఓడలో విందు ‘సాయంకాల జల రవాణాలో ఆహార భద్రత’ అయింది. ఒంటికి సముద్రపు మట్టి పూసి మర్దనా చేస్తారట, అది ‘తీర మృత్తికల సద్వినియోగం’. పురాతన రంగస్థలంలో నాటకం చూడటం ‘రాతి మెట్లపై ప్రేక్షకుల ఓర్పు, ఒక అంచనా’. ఎం.డి. గారి భార్య ‘కుటుంబ పర్యాటకుల దృక్కోణ పరిశీలకురాలి’గా చేరారు. ఆవిడ తమ్ముడు ఏ దృక్కోణమూ లేని మనిషి. ఆయన్ని ఎలా ఇరికించాలో తెలియక నరహరి ఒక పూటంతా ఆలోచించి, చివరికి ‘నిరాసక్త పర్యాటకుల ప్రతినిధి’ అని రాశాడు.

“అద్భుతం” అన్నారు హరగోపాల్ గారు.

అంత అద్భుతమైన ఫైలు ఆర్థిక శాఖ నుంచి వారం తిరక్కుండా వెనక్కొచ్చింది. అక్కడ ఉప కార్యదర్శి శ్యామసుందరి గారు కొత్తగా వచ్చారు. నియమమంటే ప్రాణం పెట్టే మనిషి. సర్కారు ఆఫీసులో ఒక కుర్చీ కొనాలంటే, ముందు జైళ్ళ శాఖ వారు ‘ఈ రకం కుర్చీ మా ఖైదీలు చేయరు’ అని కాగితం ఇవ్వాలి. దాన్ని అలభ్యతా ధ్రువపత్రం అంటారు. అది ఉంటేనే బయట కొనుక్కోవచ్చు. శ్యామసుందరి గారు ఈ నియమాన్ని విదేశీ యాత్రలకి కూడా వర్తింపజేశారు. రాష్ట్రంలో దొరికే దాన్ని చూడటానికి పరాయి దేశం వెళ్ళకూడదు. ఫైలు మీద ఇలా రాశారు: ‘సముద్రము స్థానికముగా లభ్యమగుచున్నట్లు ఈ కార్యాలయము దృష్టికి వచ్చినది. లేనిచో అలభ్యతా ధ్రువపత్రము జతపరచి తిరిగి పంపవలెను.’

“ఇప్పుడెలా?” అని హరగోపాల్ గారు తల పట్టుకున్నారు. “అంత పెద్ద సముద్రాన్ని ఎక్కడ దాస్తాం?”

నరహరి ఆ రాత్రి సరిగ్గా నిద్రపోలేదు. పొద్దున్నే కొత్త నోటు రాశాడు. సముద్రం అంటే ఏమిటో ముందు నిర్వచించాడు. నీలం రంగులో ఉండాలి. ఒడ్డున గొడుగులు, పడక కుర్చీలు ఉండాలి. జనం అక్కడికి పని మానేసి రావాలి. మన దగ్గర ఉన్నది బూడిద రంగు. ఒడ్డున వలలు, పడవలు, ఎండు చేపలు. జనం అక్కడికి పని చేసుకోవడానికి వెళ్తున్నారు. ‘కావున సదరు జలభాగమును ఉప్పునీటి పని ప్రదేశముగా పరిగణించవచ్చునే గాని సముద్రముగా పరిగణించుటకు వీలు లేదు.’

శ్యామసుందరి గారు చదివారు. ఆవిడకి తర్కంలో తప్పేమీ కనిపించలేదు. “క్షేత్ర పరిశీలన చేసి, స్థానికుల సాక్షి సంతకంతో పంపండి” అన్నారు.

క్షేత్ర పరిశీలన కోసం నరహరి గవ్వలపాలెం వెళ్ళాడు. అది ఆ తీరంలో ఉన్న మత్స్యకారుల ఊరు. ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, చెప్పులు చేత్తో పట్టుకుని, సముద్రంలో నిలబడి సముద్రం ఉందో లేదో పరిశీలించాడు. ఒక అల వచ్చి నడుం దాకా తడిపిపోయింది. దాన్ని నోటులో రాయలేదు.

చేపలమ్మే ఆడవాళ్ళ సంఘానికి పెద్ద గరికిన పోలమ్మ. తట్ట దింపి, ఆయన్ని కిందికీ పైకీ చూసింది.

“ఏటి బాబూ, ఏటన్నా పారేసుకున్నారా?”

“లేదు పోలమ్మా. ఇక్కడ సముద్రం లేదని ఒక కాగితం మీద నువ్వు సంతకం పెట్టాలి.”

పోలమ్మ సముద్రం వైపు చూసింది, మళ్ళీ ఆయన వైపు చూసింది. “నేదంటే మాకేటొత్తాది?”

నరహరికి ఈ ప్రశ్న నచ్చింది. ఆఫీసుల్లో అడిగేది కూడా ఇదే.

“సముద్రం లేకపోతే వేట నిషేధం కూడా ఉండదు కదా. ఎండాకాలంలో పడవలు ఒడ్డున పెట్టమని ఎవరూ అనరు.”

“అలగా!” అంది పోలమ్మ. “మీకేటొత్తాది మరి?”

నరహరి అబద్ధం చెప్పలేదు. “నేను గ్రీసు వెళ్తాను. అక్కడ సముద్రం చూడ్డానికి.”

“ఈ సముద్రం నేదని సెప్పి ఆ సముద్రం సూత్తారా?” పోలమ్మ పకపకా నవ్వింది. “సరే, ఎల్లి రండి బాబూ. జనమకో సరదా. ఏదీ, ఎక్కడెట్టాలి?” అని చీర కొంగుకి చెయ్యి తుడుచుకుని సంతకం పెట్టింది. కాగితం ఎగిరిపోకుండా ఒక ఎండు చేపని బరువుగా పెట్టారు.

దాంతో యాత్రకి అనుమతి వచ్చేసింది. నరహరి పేరు బృందంలో ఆఖరున ఉంది గానీ ఉంది. సుభాషిణి కొత్త సూట్‌కేసు, చలికోటు, ఎండటోపీ మూడూ కొనిపెట్టింది. ఏది అవసరమవుతుందో ఆవిడకీ తెలియదు, ఆయనకీ తెలియదు.

అయితే ఏ ఉత్తర్వు వెలువడినా అన్ని శాఖలకీ ‘తగు చర్య నిమిత్తం’ ప్రతులు పంపడం ఆనవాయితీ. ఈ ధ్రువపత్రం ప్రతులు కూడా అలాగే పంపారు. మామూలుగా అలాంటి ప్రతుల్ని ఎవరూ చదవరు. ఏం ఖర్మో, ఈసారి అందరూ చదివారు.

విద్యాశాఖ వారు పాఠ్యపుస్తకంలో ‘రాష్ట్రానికి తూర్పున బంగాళాఖాతం కలదు’ అన్న వాక్యం కొట్టేసి ‘తూర్పున ఏమున్నదీ పరిశీలనలో ఉన్నది’ అని వేశారు. పురపాలక శాఖ బీచ్ రోడ్డు బోర్డులో మొదటి మాట మీద రంగు పూసింది. లైఫ్‌గార్డులుగా ఉన్న కుర్రాళ్ళని, మునగడానికి ఏమీ లేదు కాబట్టి, పార్కుల్లో మొక్కలకి నీళ్ళు పోయమన్నారు. మత్స్యశాఖ వారు గవ్వలపాలెం వాళ్ళకి పడవల డీజిలు రాయితీ ఆపేశారు. నేల మీద పడవలు నడిపే వారికి రాయితీ ఇచ్చే పథకమేదీ లేదన్నారు. అన్నిటికంటే చురుగ్గా పనిచేసింది రెవెన్యూ శాఖ. గవ్వలపాలెంలో తుఫాను షెల్టరు ఉంది, మేడ కట్టిన గట్టి భవనం. సముద్రమే లేనప్పుడు తుఫాను షెల్టరెందుకని దాన్ని ఎరువుల గోడౌనుగా మార్చి, తాళం వేసి, తాళంచెవి తహశీల్దారు ఆఫీసులో పెట్టేశారు.

నరహరికి ఇవన్నీ తెలుస్తూనే ఉన్నాయి. ప్రతి కాగితమూ ఆయన బల్ల మీదికే వచ్చేది. ఒక్కొక్కటీ చదివి, లోపల కలుక్కుమన్నా, ‘తిరిగొచ్చాక చూద్దాం’ అని పక్కన పెట్టేవాడు. వెళ్ళనీ ముందు, వెళ్ళొచ్చి అన్నీ సర్దేద్దాం అనుకున్నాడు.

రేపు మధ్యాహ్నం విమానం. ఎం.డి. గారూ, కుటుంబ దృక్కోణమూ, నిరాసక్త ప్రతినిధీ ముందే హైదరాబాదు చేరుకున్నారు. నరహరి సాయంత్రం రైలుకి వెళ్ళాలి. సూట్‌కేసు ఆఫీసుకే తెచ్చుకుని, ఆఖరి ఫైళ్ళు సర్దుతున్నాడు. బయట గాలి వేస్తోంది. అప్పుడు తహశీల్దారు నుంచి అత్యవసర సందేశం వచ్చింది.

‘బంగాళాఖాతములో తీవ్ర తుఫాను ఏర్పడి రేపు తెల్లవారుజామున తీరము దాటగలదని వాతావరణ కేంద్రము వారు తెలిపినారు. నిబంధనల ప్రకారము హెచ్చరికలు, బస్సులు, షెల్టరు సదుపాయములు సముద్రతీర గ్రామములకు మాత్రమే వర్తించును. మా మండలమున సముద్రము లేదని తమరు ధ్రువీకరించియున్నారు. గవ్వలపాలెము వద్ద సముద్రము ఉన్నదీ లేనిదీ వెంటనే తెలుపగోరుచున్నాము.’

నరహరి ఫోను తీసి ఎం.డి. గారికి చేశాడు.

“సార్, తుఫాను. సముద్రం ఉందో లేదో చెప్పమంటున్నారు.”

“లేదనే కదా మన స్టాండు.”

“అక్కడ జనం ఉన్నారు సార్. షెల్టరుకి తాళం వేసేశారు.”

“నరహరి గారూ, నిదానంగా వినండి. ఇప్పుడు సముద్రం ఉందన్నారనుకోండి, ధ్రువపత్రం అబద్ధమవుతుంది. అనుమతి రద్దవుతుంది. మన విమానం ఎగిరేదాకా సముద్రం రాకూడదు. రేపు మధ్యాహ్నం దాటాక మీ ఇష్టం, ఎన్ని సముద్రాలు కావాలంటే అన్ని ఒప్పుకోండి.”

“తుఫాను తెల్లవారుజామునే సార్.”

“దాంతో కూడా కాస్త మాట్లాడి చూడండి” అని హరగోపాల్ గారు నవ్వి ఫోను పెట్టేశారు. సరదాకే అన్నారు. ఆయనకి దేంట్లోనైనా సరదా దొరుకుతుంది.

నరహరి తన విద్యనంతా ఉపయోగించాడు. సముద్రాన్ని ఒప్పుకోకుండా జనాన్ని తప్పించే వాక్యం కోసం చెమటలు కక్కుతూ వెతికి, ఇలా రాసి పంపాడు: ‘ఏ ప్రదేశమున సముద్రము లేదని ధ్రువీకరించడమైనదో, ఆ ప్రదేశము నుండి పెద్ద అలలు రాగల అవకాశమున్నందున, ప్రజలను లేని సముద్రమునకు దూరముగా తరలించవలెను.’

పది నిమిషాల్లో జవాబు వచ్చింది. ‘లేని సముద్రమునకు ఎంత దూరముగా తరలించవలెనో స్పష్టపరచగలరు.’

ఆయన పోలమ్మకి ఫోను చేశాడు. అవతల గాలి హోరు, పిల్లల ఏడుపు, ఎవరో ఎవరినో కేకేస్తున్న గోల.

“పోలమ్మా, నేను నరహరిని. తుఫానొస్తోంది, మీరంతా అక్కణ్ణించి వచ్చెయ్యండి.”

“ఎలగొత్తాం బాబూ? కాలవ కల్వర్టు మీద నుంచి నీళ్ళెల్తన్నాయి. ముసిలోల్లు, పసిపిల్లలు, నిండు సూలాలు ఇద్దరున్నారు. బస్సన్నా పంపాలి, మేడ తాళమన్నా తియ్యాలి. ఎమ్మార్వో ఆఫీసుకెల్తే సముద్రం నేదని మీ ఊరోలే సంతకమెట్టారు గదా అంతన్నారు.” ఆవిడ గొంతు ఒక్కసారి తగ్గింది. “ఆ సంతకం నాదే బాబూ. నా సేత్తో నేనే ఎట్టినాను. మా మనవలు నా మొకం సూత్తన్నారు.”

“నీ తప్పు కాదు పోలమ్మా. పెట్టించింది నేను” అన్నాడు నరహరి. ఆ మాట అనేసరికి ఆయనకి ఏడుపొచ్చింది. సిగ్గేసింది. భయం కూడా వేసింది. అన్నీ వేశాయి గానీ, బల్ల కింద సూట్‌కేసు కనిపించగానే వెళ్ళాలనే ఆశ మాత్రం పోలేదు. ఇంత జరుగుతున్నా పోని ఆ ఆశని చూసుకుని ఆయనకి తన మీద తనకే రోత పుట్టింది.

కాగితం తీసుకున్నాడు. ‘పై విషయమై’ అనలేదు, ‘ఇందుమూలముగా’ అనలేదు. ‘గవ్వలపాలెంలో సముద్రం ఉంది. ఎప్పుడూ ఉంది. వెంటనే షెల్టరు తెరవండి’ అని రాసి, సంతకం పెట్టి పంపించాడు. తహశీల్దారు చెడ్డవాడు కాదు, కాగితం కావాలంతే. అరగంటలో తాళం తీశారు, బస్సులు కదిలాయి, మైకు మోగింది.

నరహరి సూట్‌కేసు పట్టుకుని ఇంటికొచ్చాడు. తలుపు తీసిన సుభాషిణి కంగారుపడింది.

“అదేంటండీ, రైలు తప్పిపోయిందా?”

“లేదు. సముద్రం ఉందని రాసేశాను.”

ఆవిడ సూట్‌కేసు తీసుకుని లోపల పెట్టింది. “అన్నం తినండి” అంది.

తెల్లవారుజామున తుఫాను గవ్వలపాలెం మీదుగానే దాటింది. ఒడ్డు మొదటి వరసలో ఇళ్ళు ఒక్కటీ మిగల్లేదు. ఊరంతా షెల్టరు మేడ మీద ఎరువుల బస్తాల మధ్య కూర్చుని తెల్లవార్లూ తుమ్ముతూ గడిపింది. నిండు చూలాళ్ళలో ఒకావిడ అక్కడే యూరియా బస్తాల చాటున ఆడపిల్లని కన్నది. ఎవరికీ ఏమీ కాలేదు.

అనుమతి రద్దు కాగితం టైపయ్యేలోగా విమానం ఎగిరిపోయింది. నరహరి సీట్లో ఎం.డి. గారి భార్య తన టోపీ పెట్టుకున్నారట. ఆపైన ఆఫీసు గ్రూపులో రోజూ ఫొటోలు వచ్చేవి. నీలం నీళ్ళలో హరగోపాల్ గారు గడ్డం దాకా మునిగి అధ్యయనం చేస్తూ, ఒళ్ళంతా మట్టి పూసుకుని సద్వినియోగమవుతూ. నిరాసక్త ప్రతినిధి ఒక్కడే ప్రతి ఫొటోలోనూ హాయిగా నవ్వుతున్నాడు.

ఇక్కడ ఆర్థిక శాఖకి ఒక చిక్కొచ్చింది. సముద్రం ఉన్నట్టయితే యాత్రకి పెట్టిన ఖర్చంతా అక్రమం. దానికి అనుమతిచ్చిన సంతకం శ్యామసుందరి గారిది. కాబట్టి సముద్రం ఉండటానికి వీల్లేదు. ‘సముద్రము లేని చోట ఉన్నదని తప్పుడు సమాచారమిచ్చి, ప్రభుత్వ ఎరువుల గోడౌనును అనుమతి లేకుండా ప్రజలతో నింపించినందుకు’ నరహరి మీద అభియోగం మోపి, విచారణాధికారిగా శ్యామసుందరి గారే వచ్చారు.

సాక్షిగా పోలమ్మని పిలిపించారు.

“మొదట సముద్రం లేదని సంతకం చేశారు. ఇప్పుడు ఉందంటున్నారు. ఏది నిజం?” అని శ్యామసుందరి గారు అడిగారు.

“రెండూ నేనే సెప్పినానమ్మా” అంది పోలమ్మ. “అప్పుడు ఈ బాబుకి ఊరెల్లాలని సరదా, నాకు ఏట మాన్లేక దురాశ. నేదన్నాను. ఆనాడు మా పిల్లల మీదకొచ్చేసింది. మరింక నేదనడానికి నోరొత్తాదా?”

“మీదికి వచ్చింది సముద్రమేనని ఎలా చెప్పగలరు?”

పోలమ్మకి ఈ ప్రశ్న అర్థం కాలేదు. పక్కకి తిరిగి, “ఏటంతన్నారు బాబూ ఈ అమ్మ?” అని నరహరిని అడిగింది.

“ఇళ్ళు కూలాయి మేడమ్” అన్నాడు నరహరి.

“గాలికి కూలాయి. సముద్రం లేని జిల్లాల్లో కూడా గాలి వీస్తుంది.”

“ఊళ్ళోకి ఉప్పునీళ్ళు వచ్చాయి.”

“ఉప్పునీటి పని ప్రదేశమని మీరే రాశారు కదా నరహరి గారూ” అని శ్యామసుందరి గారు మర్యాదగానే గుర్తుచేశారు. ఆవిడకి ఆయన మీద కోపమేమీ లేదు. నియమం ఎటు నడిపిస్తే అటు నడుస్తున్నారంతే.

నెల రోజులకి తీర్పు వచ్చింది. నరహరి మీద అభియోగం రుజువైనట్టూ, ఇంక్రిమెంట్లు ఆపి, హోదా తగ్గించి, సముద్రానికి బాగా దూరంగా ఉన్న జిల్లాకి బదిలీ చేసినట్టూ అందులో ఉంది. తీర్పుని అంగీకరిస్తున్నదీ లేనిదీ ఆయన అడుగున రాయాలి. ఆయన కళ్ళజోడు తుడుచుకుని కారణాల దగ్గరికి వచ్చాడు.

‘సముద్రము పొంగి ఊరి మీదికి వచ్చియుండినచో ప్రాణనష్టము జరిగియుండవలెను. ఆనాడు గవ్వలపాలెములో ఒక్క మరణమైనను నమోదు కాలేదు. కావున అచ్చట సముద్రమున్నదనుటకు ఆధారము లభ్యము కాలేదు.’

నరహరి ఆ వాక్యం రెండుసార్లు చదివాడు. జీవితమంతా ఇలాంటి భాష రాసిన మనిషికి అందులో ఒక్క అక్షరం కూడా మార్చాలనిపించలేదు. కలం మూత తీసి, ‘పై కారణము వాస్తవము. సంతోషముతో అంగీకరించుచున్నాను’ అని రాసి సంతకం పెట్టాడు.